పదికి పది

"నొప్పి పదికి ఎంత?" అడిగింది నర్సు.

"పది," అన్నాడు ఆరో మంచం మనిషి.

"నిన్నా పదే, మొన్నా పదే. ఇక్కడేమైనా మార్కులు వేస్తున్నామా?"

వార్డులో కొందరు నవ్వారు.

కడుపు కోసి కుట్టి మూడు రోజులైంది. చూడటానికి వచ్చేవాళ్లెవరూ లేరు. వార్డంతా కలిసి ఆయనకు 'పదిగారు' అని పేరు పెట్టేసింది.

అక్కడ పద్ధతి తేలిక. నొప్పి ఏడు దాటితే రెండు మాత్రలు, లోపలైతే సగం. నోరు విప్పని వాళ్లకు నర్సే మూడు అని రాసుకుంటుంది.

"ఈ మాత్ర నా ఒంటికి పట్టడం లేదమ్మా. ఇంకేదైనా ఇప్పించండి."

"ఇంకేదైనా అడిగేవాళ్ల సంగతి నాకు బాగా తెలుసు. మందుకు అలవాటు పడితే ఇలాగే ఉంటుంది."

"పోనీ, ఇవే ఇవ్వండి. ఒకటి ఎక్కువైనా పర్లేదు."

"చూశారా!" అంది నర్సు అందరికీ వినపడేలా. "పక్క మంచం పెద్దాయన్ని చూసి నేర్చుకోండి. కాలు తీసేశారు. అయినా కిక్కురుమనడు."

పెద్దాయన పుట్టుమూగ. ఆయన ఎలా కిక్కురుమనాలో నర్సుకే తెలియాలి.

డాక్టరుకు అనుమానం వచ్చి పదిగారి రక్తం పరీక్షకు పంపాడు. కానీ నర్సు మాట విని, రిపోర్టు వచ్చేదాకా మందు మార్చలేదు.

దగ్గితే ప్రాణం పోయేంత నొప్పి. అందుకని పదిగారు దగ్గు ఆపుకునేవారు. ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుపోయింది. జ్వరం పట్టుకుంది. ఆరో రోజు పొద్దున్నే పోయారు.

రిపోర్టు ఆ మధ్యాహ్నం వచ్చింది.

"మింగిన మాత్ర ఒంట్లో మందుగా మారాలి కదా. ఆ గుణం ఈయనకు పుట్టుకతోనే లేదు," అన్నాడు డాక్టరు. "ఎన్ని మింగినా ఒకటే. ఆయన చెప్పిన పది, నిజంగా పదే."

తప్పు చేశానని నర్సుకు తెలుస్తూనే ఉంది. అయినా ఊరుకోలేకపోయింది.

"మరి పని చేయని మాత్రలు అడిగి మరీ ఎందుకు తీసుకున్నట్టు సార్?"

డాక్టరు జవాబు చెప్పేలోపు ఏడో మంచం దడదడలాడింది. పెద్దాయన ఇనుప కమ్మీకి తల బాదుకుంటున్నాడు. కళ్ల నీళ్లు ధార కడుతున్నాయి.

నర్సు పరుగెత్తుకెళ్లి పట్టుకుంది.

"ఇన్నాళ్లూ బాగానే ఉన్నారు కదా. ఇవాళేమైంది?"

పెద్దాయన రెండు వేళ్లు చూపించి, నోట్లో వేసుకున్నట్టు సైగ చేసి, రోజూ మాత్రల వేళకు చాచినట్టే, ఖాళీగా ఉన్న ఆరో మంచం వైపు అరచెయ్యి చాచాడు.