కాకినాడ విజిల్

రావెన్‌ఫీల్డ్ ఫుట్‌బాల్ క్లబ్ స్టేడియంలో సగం కుర్చీల్లో మనుషులుండరు, స్పీకర్లుంటాయి. వాటిలో ఒకటి కాకినాడ మంగతాయారుది. క్లబ్ పంపిన కళ్లద్దాలు పెట్టుకుంటే ఆమెకు ఆ కుర్చీలోంచి ఆట కనిపిస్తుంది. వంటింట్లో అరిస్తే ఆ అరుపు ఇంగ్లండ్‌లో వినిపిస్తుంది. ఆ కుర్చీ కోసం ఆమె ఏళ్ల తరబడి ఎదురుచూసింది.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గరే నిలబడి ఆట చూస్తుండగా కుక్కర్ విజిల్ వేసింది. రిఫరీ ఊదాడనుకుని రావెన్‌ఫీల్డ్ డిఫెండర్లు ఆగిపోయారు. అవతలివాళ్లు తాపీగా గోల్ కొట్టేశారు.

"మన కొంప మనమే ముంచుకున్నాం కదే!" అని గొణిగాడు భర్త భాస్కరం. "మైకు ఆపలేదా?"

"ఆపితే నేను అరిచేదెలాగండీ?"

క్లబ్ మనిషి కోపంగా ఆమె కుర్చీ ఉన్న వరసలోకి వచ్చాడు. విజిల్ ఏ స్పీకర్ నుంచి వచ్చిందో తేలితే ఆ కుర్చీ శాశ్వతంగా రద్దవుతుంది.

ప్రతి ఆటకీ ఆ స్పీకర్ పక్కన కూర్చుని ఆమె అరుపులు వినే ముసలాయన ఆల్ఫ్రెడ్ లేచాడు. నోట్లో రెండు వేళ్లు పెట్టి గట్టిగా ఈల వేశాడు.

"వేసింది నేనే," అన్నాడు.

"బయటికి నడవండి. ఈ సీజన్‌లో మళ్లీ రావద్దు."

ఆల్ఫ్రెడ్ కోటు తీసుకుంటూ ఆమె స్పీకర్ మీదికి వంగాడు. అతని ఇంగ్లిషు మాటలు ఆమె చెవిలో తెలుగులో వినిపించాయి.

"ఇంతకీ ఏమిటమ్మా అది?"

"కందిపప్పండీ," అంది గుసగుసగా.

"ఉడికిందా?"

"ఇంకో రెండు విజిల్స్ రావాలండీ."

"అయితే పొయ్యి కట్టెయ్యి తల్లీ. ఇక పక్కన నేనుండను."