వేలా? ఒట్టా?

"సిగరెట్లు తాగుతారా?" అనడిగాడు డాక్టరు.

"అబ్బే! మానేసి తొమ్మిదేళ్లయింది. పిల్ల మీద ఒట్టేశారు," అంది భార్య, ప్రశ్న తననే అడిగినట్టు.

స్ట్రెచర్ మీదున్న ఆవిడ మొగుడు పుస్తకాల బైండరు. ప్రెస్సులో కాగితాలు కోసే మిషను గంట కిందట కాగితాలతోపాటు ఆయన కుడి బొటనవేలినీ కోసేసింది. కోత మాత్రం శుభ్రంగా పడింది. దాని కత్తికి సాన పట్టించింది ఆయనే మరి. వేలు తడిగుడ్డలో, కవర్లో, ఐసు డబ్బాలో భద్రంగా కూర్చుని ఆయనకంటే ముందే థియేటర్లోకి వెళ్లిపోయింది. ఇంజెక్షనుకి చెయ్యి మొద్దుబారింది. మిగతా మనిషి ఇంజెక్షను లేకుండానే మొద్దుబారాడు.

"నిజం చెప్పండి. రక్తనాళాలు దారప్పోగంత ఉంటాయి. తెగిన చోట ఒక్కోదాన్నీ కుట్టాలి. తర్వాత పొగ తగిలిందా, ముడుచుకుపోతాయి. రక్తం ఆడదు. వేలు నల్లబడుతుంది. అప్పుడిక తీసెయ్యడమే!"

బొటనవేలు లేకపోతే పుస్తకం పట్టలేడు, సూది పట్టలేడు. ఆ సంగతి బైండరుకి తెలుసు. కానీ తొమ్మిదేళ్లుగా చుట్టాల్లో తెచ్చుకున్న మంచిపేరు కూడా చిన్నదేం కాదు.

"రోజుకి ఎనిమిది," అన్నాడు, ఎవరి లెక్కో చెబుతున్నట్టు.

"ఎక్కడ?" అంది భార్య.

"ప్రెస్సు వెనకాల. ఇంట్లో ఒక్కటి కూడా ముట్టించలేదే. నీ మీదొట్టు!"

"మీ ఒట్లు చాల్లెండి."

ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. తిట్టనూ లేదు. అదే ఆయన్ని వేలికంటే ఎక్కువ భయపెట్టింది.

"ఇవాళ్టితో బంద్," అన్నాడు డాక్టరు కాగితాలు సర్దుకుంటూ. "ఇంటికెళ్లాక కూడా నెలరోజులు పక్కవాళ్ల పొగైనా సోకకూడదు."

"ఇంట్లో ఆ బెంగ లేదు సార్. మా ఆవిడ ఇల్లు అద్దంలా ఉంచుతుంది."

భార్య గొంతు సవరించుకుంది.

"పక్కవాళ్ల పొగంటే... కిటికీ తీసి తాగినా సోకుతుందాండీ?"

"సోకుతుందమ్మా."

ఆవిడ మొగుడివైపు తిరిగింది.

"అయితే ఆ నెలరోజులూ మీ అక్కయ్యగారింట్లో ఉండండి. నేను ఒక్కపూట కూడా మానలేను."