దిష్టి మనిషి

భీమిలి కొండమీద సుధేష్ణగారు ఇల్లు కట్టుకున్నారు. ఆ పేటలో అందరూ జన్యువులు దిద్దించుకుని పుట్టినవాళ్ళే. ఒక్కరికీ మొటిమ లేదు, మెల్ల లేదు. అందుకే అక్కడ గృహప్రవేశానికి గుమ్మంలో బూడిద గుమ్మడికాయ కట్టరు. దిద్దని మనిషిని నిలబెడతారు. ఈసారి నన్ను పిలిచారు.

"అప్పలకొండా, ఆ మెల్లకన్ను అందరికీ కనబడాలి. గడప మాత్రం తొక్కకు," అన్నారు పాపని ఎత్తుకొచ్చిన సుధేష్ణగారు. "మా బంగారానికి దిష్టి తగలకూడదు."

"ఎవులు పెడతారమ్మా దిష్టి? ఒచ్చినోళ్ళందరూ మీలాటోళ్ళే గదా!"

"మీవాళ్ళే పెడతారు. ఇంకెవరికుంటుంది మా మీద ఏడుపు?"

ఆ వాకిట్లో మావాళ్ళంటే నేనొక్కణ్ణే. పాప నన్ను చూసి బోసిగా నవ్వింది. నేను నవ్వలేదు. పొద్దుగూకేదాకా ఆ పాపనే కన్నార్పకుండా చూశాను.