చిముకా చూపించిన చిరుత

"ఇవాళ కూడా చిరుత కనిపించలేదంటే, రేపట్నుంచి పడవ మా తమ్ముడు నడుపుతాడు" అంది ముటింటా, పడవెక్కుతున్న అతిథులకు చెయ్యూపుతూ, ముఖాన నవ్వు చెదరనీయకుండా. జాంబేజీ నది ఒడ్డునున్న ఆ లాడ్జి ఆవిడదే.

"మీ తమ్ముడికి మొసలికీ మొద్దుకీ తేడా తెలీదు మేడమ్" అన్నాడు పడవ నడిపే చిముకా.

"తెలీకపోతేనేం? మొద్దుని చూపించి మొసలని నమ్మించగలడు. నీకు ఆ నోరేదీ?"

ఆ మాట చిముకాకి గుచ్చుకుంది. మోటారు తిప్పాడు.

పడవలో ముగ్గురు. జోహనెస్‌బర్గ్‌లో కార్ల వ్యాపారం చేసే ప్రిటోరియస్, ఆయన భార్య అనలీస్, లుసాకా నుంచి వచ్చిన లాయరు సిలుంగ్వే. ఏనుగుల మంద పిల్లలతో సహా నది దాటుతుంటే ప్రిటోరియస్ ఆవలించాడు. "ఇంతకంటే పెద్దవి బోట్స్వానాలో చూశాం" అన్నాడు. నీటి ఏనుగులు బుస్సుమంటూ తలలెత్తితే లాయరు తల కూడా తిప్పలేదు.

"మా తాతగారి ఊళ్లో చిరుతలు కోళ్లలా తిరిగేవి" అన్నాడు. "నీ షికారేమిటి బాబూ, కూర లేకుండా న్షిమా ముద్ద వడ్డించినట్టుంది!"

అనలీస్ మాత్రం ఒళ్లో కెమెరా పెట్టుకుని మాట్లాడకుండా కూర్చుంది.

ఎండ ముదిరింది. ఇంక లాడ్జికి తిరగడమే మిగిలింది. చిముకా కళ్ల ముందు ముటింటా తమ్ముడు పడవలో కాళ్లు చాపుకుని కూర్చున్నట్టు కనిపించింది. చటుక్కున మోటారు ఆపేశాడు.

"ష్‌ష్! ఆ మేడిచెట్టు మొదట్లో పొద ఉంది చూడండి. తోక కదిలింది!"

అక్కడ తోకా లేదు, తొండమూ లేదు. నమ్ముతారో లేదో వాళ్ల ముఖాల్లో చూడాలని ఒడ్డుకు వీపు పెట్టి, అతిథుల వైపు తిరిగి నిలబడ్డాడు. ముగ్గురూ కళ్లు చికిలించారు. కాసేపటికి ప్రిటోరియస్ నోరు తెరిచాడు.

"అవును! అదిగో!"

"నేనెప్పుడో చూశాను. మీరే కనిపెడతారని ఊరుకున్నా" అన్నాడు లాయరు.

అనలీస్ కెమెరా ఎత్తింది. చిముకాకి పొట్ట చెక్కలయ్యేంత నవ్వొచ్చింది. ఇంత తేలికా ఈ పని! నవ్వుతోపాటు ధైర్యమూ పొంగింది. పడవని ఒడ్డుకి ఆనించాడు.

"దగ్గరికెళ్లి అడుగుజాడలు చూసొస్తాను. ఏం జరిగినా సరే, మీరు నోరు మెదపొద్దు. అరిచారో, మీదకి దూకుతుంది."

దర్జాగా నడిచి చెట్టు కింద వంగాడు. మట్టిని వేలితో తాకి, తల పంకించి, పడవ వైపు చూసి నవ్వాడు కూడా. ముగ్గురూ రాతిబొమ్మల్లా ఉన్నారు. లాయరు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఏం నటన, ఏం నటన అనుకున్నాడు చిముకా.

అతను తిరిగొచ్చి మోటారు తిప్పాక కూడా, నది మలుపు తిరిగేదాకా ఎవరూ నోరెత్తలేదు.

"చిముకాగారూ, ధైర్యమంటే మీదండీ!" అన్నాడు లాయరు వణికే గొంతుతో. పొద్దున్నుంచీ 'బాబూ' అన్న మనిషి ఆయనే.

మధ్యాహ్నం భోజనాల దగ్గర చిరుత పెరగసాగింది. ప్రిటోరియస్ దాని పొడవు చెప్పడానికి రెండు చేతులూ చాలక పక్క కుర్చీని కూడా కలుపుకున్నాడు. లాయరు దాని మీసాలు వర్ణించాడు. ముటింటా చిముకా భుజం తట్టి, "మా తమ్ముణ్ణి కూరగాయలు తరగడానికి పెడతాలే" అంది.

చిముకా వంటింట్లోకి దూరి, వంటమనిషి చోలాతో చెప్పి పడీపడీ నవ్వాడు.

"ఒరేయ్, నమ్మి వచ్చినవాళ్లని మోసం చెయ్యడం పాపంరా" అన్నాడు చోలా.

"పాపమేంటి బాబాయ్? నేను తోక ఒక్కటే పెట్టాను. మీసాలు వాళ్లే పెట్టుకున్నారు!"

గుమ్మంలో అనలీస్ నిలబడి ఉంది.

చిముకా చటుక్కున నవ్వు ఆపేశాడు. పొద్దున్నుంచీ గొప్పలు పోనిది ఈవిడ ఒక్కతే. ఫోటోల్లో ఆకులు తప్ప ఏమీ లేవని చూసుకునే వచ్చి ఉంటుంది. ఈ మనిషిని మోసం చేసినందుకు మాత్రం అతనికి నిజంగానే సిగ్గేసింది.

"అమ్మా, క్షమించండి. నిజానికి అక్కడ..."

"మీరు ఏం జరిగినా అరవొద్దన్నారు" అంది అనలీస్. "అందుకే ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఇది మీరు చూడాలి."

కెమెరా అతని చేతికిచ్చింది.

ఫోటోలో తను చెట్టు కింద వంగి నవ్వుతున్నాడు.

కొమ్మ మీంచి చిరుత అతని మెడ వాసన చూస్తోంది.