నలభై రోజుల చాకు

పొద్దున్నే ఆకాశం మబ్బు కమ్ముకుని ఉంది. కురవదు, తెరిపి ఇవ్వదు. మౌలాలి గుట్ట నడుము దాకానే కనిపిస్తోంది.

పనిలో దిగబోతూ అంగీ విప్పి మేకుకు తగిలించిన భానుప్రకాశ్, జేబులోంచి మడత చాకు తీసి విప్పి చూసి గతుక్కుమన్నాడు. అలుగు మీద, సరిగ్గా మడత దగ్గర, మూడు ఎర్ర చుక్కలు.

నిన్న సాయంత్రమే కదా పొడిగుడ్డతో తుడిచి, సెగకు చూపి, మిషన్ నూనె రాసి మడిచాడు! ముప్పై రోజులుగా ఒక్క పూట తప్పలేదు. అయినా తుప్పు.

కొలిమికి అవతల అస్లం తన చాకుతో గోనెసంచి పురికొస తెంపాడు. అలుగును లుంగీ అంచుకు ఒకసారి తుడిచి మడిచేశాడు. అంతే వాడి జాగ్రత్త. ఆ అలుగు మాత్రం కొత్త రూపాయి బిళ్ళలాగా తెల్లగా ఉంది. భానుప్రకాశ్ దాని వంక, తన చాకు వంక మార్చి మార్చి చూశాడు.

“ఏందన్నా, చాకును గట్ల చూస్తున్నవ్? పెండ్లిచూపులా?”

“నీ పని నువ్వు చూస్కోరా,” అని భానుప్రకాశ్ చాకును మళ్ళీ మేకు మీది అంగీ జేబులో వేశాడు.

అది ఇమాం వలి ఉస్తాద్ కొలిమి. సికింద్రాబాద్‌లో ఇట్లాంటివి ఒక్కొక్కటే మూతపడ్డా ఇది ఇంకా రగులుతూనే ఉంది. ఇక్కడి చాకులు తుప్పు పట్టని స్టీలువి కావు. పాత లారీ కమాన్ పట్టీల ఉక్కువి. పదును నెలల తరబడి నిలుస్తుంది, తడి తగిలితే మాత్రం ఎర్రబడుతుంది. అయినా బోయిన్‌పల్లి మార్కెట్ వ్యాపారులకు అవే కావాలి, వాటి మీద నెలవంక ముద్ర ఉండాలి. ఉస్తాద్‌కు చూపు తగ్గింది. ఆ ముద్ర కొట్టే అచ్చు ఇక శిష్యులిద్దరిలో ఒకరి చేతికి పోవాలి. దానికి ఆయన తండ్రి నాటి పద్ధతి ఒకటుంది. ఎవరికి వారు తాము చేసిన చాకును వానాకాలంలో నలభై రోజులు జేబులో ఉంచుకుని వాడాలి. తుప్పు పట్టని చాకు ఎవరిదో, ముద్ర వారిది.

భానుప్రకాశ్ వచ్చి పదకొండేళ్ళు. అస్లం వచ్చి నాలుగేళ్ళు. కానీ అస్లం ఉస్తాద్ చెల్లెలి కొడుకు. చాయ్ వస్తే మొదటి కప్పు వాడికి. “బేటా” అన్న పిలుపూ వాడికే. తనకేమో, “భానూ, అంచు జెర వంకర పోయింది, మళ్ళ నూరు.” అస్లంను ఒక్కనాడైనా మళ్ళ నూరమన్నాడా ఉస్తాద్?

ఆ రోజు శుక్రవారం. మధ్యాహ్నం చినుకుల్లోనే మేనమామ, మేనల్లుడు నమాజుకు బయల్దేరారు. మసీదులోకి చాకు ఎందుకని అస్లం దాన్ని దిమ్మె మీద పెట్టాడు.

“అన్నా, జెర చూస్తుండు.”

“చూస్తలే, పో.”

చూశాడు. చాలాసేపు చూశాడు. ఇత్తడి పిడులు తోమడానికి నానబెట్టిన చింతపండు మూలన గిన్నెలో ఉంది. పులుపు ఉక్కును తినేస్తుందన్న లెక్కతో గుప్పెడు పిసికి, అస్లం చాకు అలుగుకు రెండు వైపులా దట్టంగా పట్టించాడు. వాళ్ళు వచ్చే వేళకు కడిగి తుడిచి, ఉన్నచోటనే పెట్టాడు. తెల్లటి అలుగు మాడిన పెనంలా అయింది.

అస్లం వచ్చి విప్పి చూశాడు.

“ఎవలన్న వచ్చిన్రా అన్నా?”

“వానల ఎవలొస్తరు?”

అస్లం అలుగును లుంగీ అంచుకు ఒకసారి తుడిచాడు. మెల్లగా మడిచి జేబులో వేసుకున్నాడు. వాడు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది భానుప్రకాశ్‌కు.

నలభయ్యో రోజు వచ్చింది. ఉస్తాద్ కిటికీ దగ్గర కూర్చుని ముందు భానుప్రకాశ్ చాకు అందుకున్నాడు. గోటితో గీరితే ఎర్రటి పొడి రాలింది.

“పట్టింది,” అని పక్కన పెట్టాడు.

అస్లం చాకును మాత్రం వెలుగులో అటూ ఇటూ తిప్పాడు. బొటనవేలితో నిమిరాడు. నల్లగా ఉంది, నున్నగా ఉంది. ఎరుపన్నది లేదు.

“దీనికి చింతపండు ఎవలు పెట్టిన్రు?”

భానుప్రకాశ్ చూపు మూలనున్న గిన్నె మీదికి పోయింది.

“అన్న పెట్టిండు మామూ,” అన్నాడు అస్లం, నేల చూస్తూ.

పదకొండేళ్ళు ఇక బూడిదే అనుకున్నాడు భానుప్రకాశ్. ఉస్తాద్ లేచి దగ్గరకు వస్తుంటే కళ్ళు మూసుకున్నాడు. భుజం మీద చెయ్యి పడింది, బరువుగా, వెచ్చగా.

“పులుపు తాగి నల్లబడ్డ ఉక్కును ఎర్ర తుప్పు ముట్టది. నలుపే దానికి అంగీ. గీ సంగతి మా అబ్బా నాకు చెప్పలే, నేను మీకు చెప్పలే. ఎవనికి వాడే కనిపెట్టాలె. నువ్వు కనిపెట్టినవ్. కనిపెట్టి సుత నీ చాకు ఇడిసిపెట్టి తమ్ముని చాకును బచాయించినవ్!”

“ఉస్తాద్… నేను… అది…”

“చుప్. పట్టు.”

నెలవంక ముద్ర అరచేతిలో పడింది. నిజం చెప్పాలనుకున్నాడు. చెయ్యి మాత్రం దానంతట అదే మూసుకుంది.

ఉస్తాద్ భార్య జైతున్ బీ బగారన్నం, దాల్చా తెచ్చి పెట్టిపోయింది. ముగ్గురూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తిన్నారు. భానుప్రకాశ్ ఒకే ముద్దను కలుపుతూ కూర్చున్నాడు. అంతా తెలిసీ ఒక్క మాట తూలని ఈ పిల్లవాడి మీదనా ఇన్నాళ్ళు కుళ్ళిపోయాను అనుకున్నాడు. తన వైపున్న మాంసం ముక్కను వాడి వైపు జరిపాడు. ఉస్తాద్ చేతులు కడుక్కోవడానికి లేచి బయటికి వెళ్ళాడు.

అస్లం ఆ ముక్కను ముట్టలేదు. తల ఎత్తకుండానే, మెల్లగా అన్నాడు.

“నీ చాకు మీద రోజూ ఉప్పునీళ్ళు చల్లింది నేనే అన్నా.”