మడిస్తే సామాను

పెద్దిరాజు కాలు ఆగడం లేదు. టీ తాగుతుంటే ఆడుతోంది. పంపుహౌసులో మీటరు చూస్తుంటే ఆడుతోంది. మీసం దువ్వుకుంటూ ఊరందర్నీ ఆటపట్టించే మనిషి, యాభై దాటాక మొదటిసారి కుదురుగా కూర్చోలేకపోతున్నాడు.

కారణం, కలకత్తా ఖిదిర్‌పూర్ కూడలిలో కొత్తగా డ్యూటీకొచ్చిన ట్రాఫిక్ మేడమ్.

ఆ పెద్ద రోడ్డు మీద సైకిలు తొక్కకూడదని బోర్డుంది. బోర్డుతో పెద్దిరాజుకి ఏనాడూ తగాదా లేదు. దాని పాటికది నిలబడేది, ఇతని పాటికితను తొక్కుకుపోయేవాడు. ఈ మేడమ్ వచ్చీ రాగానే చెయ్యి అడ్డం పెట్టింది. తెల్ల యూనిఫాం, నల్ల కళ్లద్దాలు, పాతికేళ్లు నిండని పిల్ల.

"నామున్, కాకూ," అంది బెంగాలీలో. దిగు బాబాయ్, అని.

సైకిలు ఠాణాకి పోయింది. పోతే పోయింది. నలుగురిలో నిలబెట్టి ‘కాకూ’ అంది చూడండి, గుచ్చుకున్నది అదీ.

పంపుహౌసులో తోటి ఆపరేటరు గురువులు ఈ ముక్క విని పొట్ట పట్టుకున్నాడు.

"కాకూ అందా? నిన్ను? బావా, ఇన్నాళ్లకి నీకు సరైన మొగుడు దొరికాడు."

"నవ్వకు. దాని కళ్లెదురుగానే సైకిలు దాటిస్తాను చూడు."

"చాటుమాటుగా కాదు. పక్కనుంచే దాటాల. దొరికిపోయావా, మీసం తీసేయాల."

"దాటేస్తే నీది తీయిస్తాను."

పందెం కుదిరింది. గురువులు మీసం కూడా తక్కువదేం కాదు.

మెటియాబ్రుజ్‌లో ఒక తుక్కు దుకాణంలో ఫ్రేము దొరికింది. ఒట్టి ఫ్రేమే. చక్రాల్లేవు, చైను లేదు, సీటు లేదు. నడుం దగ్గర మాత్రం మడత ఉంది.

"ఇది సైకిలా, విరిగిపోయిన కుర్చీయా?" అన్నాడు గురువులు.

"తొక్కితే సైకిలు. మడిస్తే సామాను. సామాను మోసుకుని బస్సెక్కేవాణ్ణి ఎవులాపుతారు?"

ఇంటి దగ్గర బిగించే వీల్లేదు. పంపుహౌసు వెనక రేకుల షెడ్డులో మొదలెట్టాడు. పిల్లల సైకిలు చక్రాలు రెండు తెచ్చాడు. వెనకది ఫ్రేములో పట్టలేదు. చెక్కముక్క దూర్చి ఎడం చేశాడు. పెడలు ఇరుసులో బేరింగు గుండ్లు పేరుస్తుంటే కొన్ని జారి దొర్లిపోయాయి. పెద్దమనిషి బోర్లా పడుకుని పంపు కింద చెయ్యి పెట్టి వెతుక్కున్నాడు.

అసలు పేచీ మడత దగ్గర బోల్టుతో వచ్చింది. బిగిస్తే సైకిలు మడవనివ్వదు. వదులు చేస్తే తొక్కుతుండగానే మడుచుకుంటుంది. చూద్దామని గురువులు ఎక్కాడు. సైకిలు నడుం వంచి దణ్ణం పెట్టింది. వెంటనే గురువులూ పెట్టాడు, నేలకి.

చివరికి లేతు మిషను దగ్గర కొత్త బోల్టు చేయించుకొచ్చి, తనే ఎక్కి షెడ్డు చుట్టూ తిరిగాడు. దణ్ణం పెట్టలేదు. ఆ సంబరంలో హేండిలుకి నిగనిగలాడే బెల్లొకటి బిగించాడు.

"దొంగ సరుక్కి బెల్లెందుకు బావా?"

"మీసం లేకపోతే నానెలాగుంటానో, బెల్లు లేకపోతే అదలాగుంటది."

చేతులు ఎంత తోమినా గ్రీజు మాత్రం పోలేదు. అన్నం పెడుతూ పెళ్లాం పుష్పరాణి చూసింది.

"ఏటా నలుపు?"

"పంపుది."

"ఇన్నేళ్లుగా కారని పంపు ఇప్పుడే కారతందా? పోయిన సైకిలు గొడవ వదిలేయ్ మావా. ఆ పిల్ల డ్యూటీ అది. నిన్నొక్కడ్నీ వదిలేస్తే జనం ఏటంటారు?"

"నువ్వెలాగూ దాని పార్టీయే. ఈ ఇంట్లో నా పార్టీ ఎవులున్నారు గనక."

కంచం ముందు కూడా కాలు ఆడుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆ కాలు పెడలెక్కింది. సందుల్లోంచి సందుల్లోకి తొక్కుకుంటూ కూడలి దాకా వచ్చాడు. చివరి సందులో దిగి, బోల్టు తిప్పి మడిచాడు. దండెం మీంచి లాక్కొచ్చిన పాత చీర, ఆకుపచ్చదానికి పసుపు అంచుది, చుట్టబెట్టి ముడేశాడు. మూట భుజానికెత్తుకున్నాడు.

బస్టాపు దగ్గర గురువులు ముందే వచ్చి మీసం పట్టుకుని నిలబడ్డాడు.

మేడమ్ ఇటే చూస్తోంది. పెద్దిరాజు నడక మార్చలేదు. పక్కనుంచే, ఆవిడ మోచెయ్యి తగిలేంత దగ్గర్నుంచే దాటాడు. ఒక అడుగు. రెండో అడుగు.

"ఎటా కీ, కాకూ?"

ఇదేంటి, అని. మళ్లీ కాకూ.

"గ్రైండర్, మేడమ్. రిపేర్."

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తలుపు మీద దబదబా బాదుతున్నాడు. పెద్దిరాజు మూట ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకున్నాడు.

‘టింగ్’ మంది మూట.

గురువులు చెయ్యి మీసం మీంచి జారిపోయింది. మేడమ్ కళ్లద్దాలు తీసింది. మూట చుట్టూ ఒక్కసారి తిరిగింది. ముడి తనిఖీ చేస్తున్నట్టుగా వంగింది.

వంగి, అతని చెవిలో మెల్లగా తెలుగులో అంది:

"బేగి బస్సెక్కెయ్ నాన్నా, అమ్మ చీర ఇంకో చుట్టు చుట్టు, గ్రైండరు గంట కొడతంది."