మామ్మ మాట

“రోజూ బాబుని ఏలూరు తీసుకొచ్చి ఇక్కడే థెరపీ చేయించవచ్చు. లేదంటే ఎలా ఆడించాలో, ఎలా పలికించాలో మేం నేర్పుతాం, ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇంట్లో వాడితో ఎక్కువసేపు ఎవరుంటారండీ?” అని అడిగింది థెరపిస్టు.

“మా అత్తగారండీ. ఆవిడ పెడితేగానీ వాడు ముద్ద ముట్టడు,” అంది ఇందుజ. “కానీ ఆవిడ వాడితో మాట్లాడరు.”

“ఏం, కోపమా?”

“అబ్బే, కాదండీ. ఆటిజం అని తెలిసిన కొత్తలో తాడేపల్లిగూడెంలో ఒక డాక్టరుగారు, వాడితో ఒక్క ఇంగ్లీషే మాట్లాడమన్నారు. రెండు భాషలైతే తికమకపడతాడట. ఆవిడకి ఇంగ్లీషు రాదు. అందుకని నేనే వద్దన్నాను.”

“యాపిల్, బాల్ నేనూ నేర్చుకుంటాలే అమ్మాయ్,” అని, అలా వద్దన్న రోజున అత్తగారు నవ్వింది. ఇందుజ నవ్వలేదు. అది జరిగి రెండేళ్లయింది.

“తెలుగు వింటే బాబుకి నష్టమేమీ లేదండీ,” అంది థెరపిస్టు.

“అయితే ఇంట్లోనే చేసుకుంటాం. ముందు ఆవిడకి నేర్పండి,” అని ఇందుజ లేచింది.

వరండాలో వీరరాఘవమ్మ అభిరామ్‌ని ఒళ్లో కూర్చోబెట్టుకుని వీపు నిమురుతోంది.

“అత్తయ్యగారూ, ఇకనుంచి వాడితో మాట్లాడండి. తెలుగులోనే.”

“మళ్లీ వాడికేమైనా అవుతుందేమో అమ్మాయ్?”

“ఏమీ కాదండీ. అప్పుడు కూడా ఏమీ అయ్యేది కాదు.”

వీరరాఘవమ్మ మనవడి చెవి దగ్గరికి వంగింది. నోరు తెరిచి, పలకబోయి, అలవాటు కొద్దీ ఆగి కోడలి ముఖంలోకి చూసింది.